ఓజోన్ రంధ్రం విస్తీర్ణం చూసి తీర్పు చెప్పకండి

ఏటా సెప్టెంబరు సగానికి వచ్చేసరికి పత్రికల్లో ఓజోన్ వార్త ఒకటి తప్పనిసరిగా పడుతుంది. 16న ఓజోన్ దినోత్సవం. సరిగ్గా ఆ రోజుల్లోనే అంటార్కిటికా మీద రంధ్రం పెరుగుతూ ఉంటుంది కాబట్టి దాని కొలత కూడా చేతికందుతుంది. ఇక ఆ అంకెను పట్టుకుని ఒక ఏడాది పండగ చేసుకుంటాం, ఇంకో ఏడాది గుండెలు బాదుకుంటాం. 1982 తర్వాత ఇంత చిన్న రంధ్రం చూడలేదని 2019లో వార్త వస్తే భూమి కోలుకుందని మురిసిపోయాం. మరుసటి ఏడాది అదే రంధ్రం విశాలంగా తెరుచుకుని డిసెంబరు చివరి దాకా మూసుకోకపోయేసరికి, ఓజోన్‌ను తినే వాయువులను ఆపడానికి దేశాలన్నీ కలిసి చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం వట్టిదేనేమోనన్న అనుమానాలు బయలుదేరాయి. పన్నెండు నెలల్లో భూమి లేచి తిరిగి, మళ్లీ మంచం పట్టిందా?

ఆ అంకెతో నాకు పేచీ లేదు. కొలిచినవాళ్లు సరిగ్గానే కొలిచారు. ఒప్పందం పనిచేస్తోందో లేదో ఆ అంకె చెబుతుందని నమ్మడంతోనే నా పేచీ. ఓజోన్ రంధ్రాన్ని తయారుచేసేవి రెండు. ఒకటి క్లోరిన్. రెండోది గాలి: ధ్రువం మీది గాలి బయటి గాలితో కలుస్తోందా, కలవకుండా బిగుసుకుని ఉందా అన్న సంగతి. మొదటిదాని గురించి బడిలో చెబుతారు. రెండోదాని గురించి ఎవరూ చెప్పరు. ఏడాదికీ ఏడాదికీ మధ్య రంధ్రం పెరిగినా తరిగినా అందులో ఎక్కువ వాటా రెండోదానిదే.

ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ పాఠం నాకు కంటికింపుగా ఉండేది కాదు. గైడులో ఉండే కథ ఇది: ఫ్రిజ్‌ల నుంచి, స్ప్రే డబ్బాల నుంచి క్లోరోఫ్లోరోకార్బన్లు వెలువడతాయి, పైకి పోతాయి, అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోతాయి, వాటిలోంచి వచ్చిన ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువులను నాశనం చేయగలదు, అందుకే రంధ్రం. ఇందులో ఒక్క ముక్కా తప్పు కాదు. 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ చెప్పింది ఇంచుమించు ఇదే, 1995లో వాళ్లకు నోబెల్ వచ్చింది కూడా. అయితే కాస్త చురుకైన పిల్లవాడు లేచి అడిగే ప్రశ్నలు మూడున్నాయి. ఫ్రిజ్‌లు వాడినవాళ్లంతా ఎక్కువగా ఉత్తరార్ధగోళంలో ఉంటే రంధ్రం పెంగ్విన్లు తప్ప మనుషులు లేనిచోట ఎందుకు పడింది? ఎండ మండిపోయే భూమధ్యరేఖను వదిలి నెలల తరబడి చీకట్లో ఉన్న చోటే ఎందుకు? ఏడాది పొడవునా ఉండకుండా ధ్రువంలో వసంతం వచ్చినప్పుడే ఎందుకు? ఈ మూడింటికీ గైడు దగ్గర సమాధానం లేదు. సమాధానమంతా గాలి కదలికలో ఉంది.

మొదటి ప్రశ్న తేలిక. క్లోరోఫ్లోరోకార్బన్లు దశాబ్దాల పాటు చెక్కుచెదరవు. వాటిలో సీఎఫ్‌సీ-11 అనేదాని ఆయుర్దాయం సుమారు 50 ఏళ్లు, సీఎఫ్‌సీ-12ది సుమారు 100. కింది వాతావరణం ప్రపంచమంతటా కలిసిపోవడానికి ఏడాదో రెండేళ్లో చాలు. న్యూయార్కులో కారిన వాయువుకూ న్యూజిలాండ్‌లో కారిన వాయువుకూ కొన్నాళ్ల తర్వాత తేడా ఉండదు.

ఆ వాయువు పైకి ఎక్కే దారి మాత్రం అన్నిచోట్లా ఉండదు. ఇంగ్లండ్‌కు చెందిన గోర్డన్ డాబ్సన్ 1920ల నుంచి ఓజోన్‌ను కొలుస్తూ ఒక వింత గమనించాడు. ఓజోన్ తయారయ్యేది ఉష్ణమండలం మీద, ఎండ బలంగా ఉన్నచోట. కానీ అక్కడే తక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ వసంతంలో ఎక్కువ. ఎవరో మోసుకుపోతున్నారన్నమాట. 1949లో అలన్ బ్రూవర్ ఇంగ్లండ్ మీది పై గాలి విపరీతంగా పొడిగా ఉండటం చూసి, ఆ గాలి ఉష్ణమండలంలోని అతి శీతలమైన అంచు గుండా పైకి వచ్చి ఉండాలని, అక్కడే దానిలోని తేమ గడ్డకట్టి రాలిపోయి ఉంటుందని తేల్చాడు. ఉష్ణమండలంలో నెమ్మదిగా పైకి, ధ్రువాల వైపు పక్కకు, అక్కడ నెమ్మదిగా కిందికి: ఈ ప్రయాణానికి ఏళ్లు పడుతుంది. దీన్ని ఇప్పుడు బ్రూవర్–డాబ్సన్ ప్రసరణ అంటారు. ఇక్కడ మనకు నిజంగానే ఒక చుట్టరికం ఉంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ సమీపాన టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1980ల్లో అక్కడి నుంచి ఎగిరిన బెలూన్లు ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణం నుంచి గాలి నమూనాలు తెచ్చాయి, క్లోరోఫ్లోరోకార్బన్లు ఏ ఎత్తులో ఎంత ఉన్నాయో వాటితో తేల్చారు. దక్షిణ ధ్రువం మీద దిగే గాలి ఒకప్పుడు మనలాంటి ఉష్ణమండల ప్రాంతాల మీదుగా ఎక్కిన గాలే మరి. ఈసీఐఎల్ బస్సెక్కేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

అసలు కథ ధ్రువం దగ్గర మొదలవుతుంది. శీతాకాలంలో అక్కడ సూర్యుడు రాడు. గాలి చల్లబడి దిగుతూ ఉంటుంది, చుట్టూ పడమటి గాలులు బిగుసుకుంటాయి. భూమికి 15 కిలోమీటర్ల పైనుంచి మొదలై చాలా ఎత్తు దాకా ధ్రువాన్ని చుట్టి, గంటకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో తిరిగే సుడి అది. ధ్రువ సుడి అంటారు. దాని అంచు దాటి లోపలి గాలి బయటికి పోవడం, బయటి గాలి లోపలికి రావడం చాలా కష్టం. లోపల చిక్కుకున్న గాలి మైనస్ 78 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి మేఘాలు కడతాయి. మైనస్ 85 దాటితే అచ్చమైన మంచు మేఘాలే. మామూలుగా క్లోరిన్ రెండు రూపాల్లో ఒద్దికగా దాక్కుని ఉంటుంది: హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్. ఈ మేఘ కణాల మీద ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువును వదులుతాయి. చీకటి ఉన్నంతకాలం అది ఊరికే ఉంటుంది. వసంతంలో తొలి ఎండ తగలగానే విడిపోయి పని మొదలుపెడుతుంది. చీకటి, చలి, తర్వాత వెలుగు, ఈ మూడూ జరిగేదాకా చెదరని గాలి గోడ: అన్నీ కుదిరేది అక్కడే, అప్పుడే. మిగిలిన రెండు ప్రశ్నలకూ ఇదే సమాధానం.

ఉత్తర ధ్రువం మీద ఇదంతా ఎందుకు అంత ఘోరంగా జరగదో అడిగితే, అక్కడా గాలే కారణం. ఉత్తరార్ధగోళంలో హిమాలయాలున్నాయి, రాకీ పర్వతాలున్నాయి, నేల పక్కన సముద్రం, సముద్రం పక్కన నేల. గాలి వీటికి తగిలి పెద్ద పెద్ద అలలు లేస్తాయి, అవి పైకి పాకి ధ్రువ సుడిని కుదిపేస్తాయి. సుడి వంకరపోతుంది, వేడెక్కుతుంది, కొన్నేళ్లు రెండు ముక్కలవుతుంది. దక్షిణాన అంటార్కిటికా చుట్టూ సముద్రమే, అడ్డం లేదు, సుడి నిమ్మళంగా తిరుగుతుంది.

ఈ రెండో కారణాన్ని శాస్త్రవేత్తలు ఊరికే ఒప్పుకోలేదు. 1985 మేలో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనథన్ షాంక్లిన్ అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రం కొలతలను ప్రకటించినప్పుడు, అక్టోబరు ఓజోన్ 300 డాబ్సన్ యూనిట్ల (తలపైన ఓజోన్ ఎంతుందో కొలిచే ప్రమాణం) నుంచి 200 దిగువకు పడిపోయిందని తెలిసినప్పుడు, మూడు వాదనలు పోటీపడ్డాయి. క్లోరిన్ తింటోందన్నది ఒకటి. సూర్యుడి చురుకుదనం వల్ల ఎగువన పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు దిగి తింటున్నాయన్నది రెండోది. మూడోది నాకు ముచ్చటైనది: అసలు ఎవరూ తినడం లేదు, ఓజోన్ తక్కువగా ఉండే కింది గాలి ధ్రువం దగ్గర పైకి ఉబికి వస్తోంది, అంతే. అంటే నేరమే జరగలేదు, సరుకు చోటు మారింది. ఇది తెలివితక్కువ వాదనేమీ కాదు, పేరున్నవాళ్లే చెప్పారు.

తీర్పు ఎలా వచ్చిందో చూడండి. సూర్యుడి వాదన నిజమైతే నైట్రోజన్ డయాక్సైడ్ పెరగాలి. 1986లో సుసాన్ సాలమన్ నాయకత్వంలో అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి వెళ్లిన బృందం కొలిస్తే అది అతి తక్కువగా ఉంది. మరుసటి ఏడాది చిలీ దక్షిణపు కొసన ఉన్న పుంటా అరెనాస్ నుంచి నాసా వారి ఈఆర్-2 విమానం ఎగిరింది. ఒకప్పటి గూఢచారి విమానానికి తమ్ముడు అది. ఒక్క పైలట్, ఒంటినిండా పీడన దుస్తులు, 18 కిలోమీటర్లకు పైన ఎత్తు, కింద మంచు, ఇంజను ఆగితే దిగడానికి చోటు లేదు. ఆ విమానంలో రెండు కొలతలు ముఖ్యం. ఒకటి నైట్రస్ ఆక్సైడ్. అది పుట్టేది నేల మీదే, పొలాల్లో వేసే నత్రజని ఎరువుల నుంచి కూడా. నాశనమయ్యేది బాగా ఎత్తున. కింది వాతావరణంలో వంద కోట్ల అణువుల్లో మూడు వందల పైచిలుకు ఉంటుంది. గాలి పైకి పోయి ఎంత కాలమైతే అది అంత తగ్గుతుంది. మూడో వాదన ప్రకారం కింది గాలే ఉబికి వచ్చి ఉంటే ధ్రువం మీద నైట్రస్ ఆక్సైడ్ దండిగా ఉండాలి. విమానం సుడి అంచు దాటగానే అది ఒక్కసారిగా పడిపోయింది. లోపల ఉన్నది కింది నుంచి వచ్చిన గాలి కాదు, చాలా పై నుంచి దిగిన ముసలి గాలి. వాదన అక్కడితో కూలింది.

రెండోది హార్వర్డ్‌కు చెందిన జేమ్స్ ఆండర్సన్ పరికరం కొలిచిన క్లోరిన్ మోనాక్సైడ్. ఓజోన్ మీద క్లోరిన్ దాడి చేస్తే మిగిలే వేలిముద్ర ఇది. ఆగస్టు 23న అంచు దాటినప్పుడు క్లోరిన్ మోనాక్సైడ్ అమాంతం పెరిగింది, ఓజోన్ మాత్రం ఇంకా దాదాపు అలాగే ఉంది. సెప్టెంబరు 16న అదే దారిలో వెళ్తే ఓజోన్ సగానికి పైగా పోయింది. కాగితం మీద ఒక గీత ఎక్కడ లేస్తే రెండో గీత అక్కడ పడిపోతోంది, ఎగుడుదిగుళ్లతో సహా. ఆ రోజే మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏర్పాటు చేసుకుని చేసింది కాదు, కాకతాళీయం. ఆ రెండు పటాల్లో జనం చూసేది క్లోరిన్‌ను. నేను చూసేది అంచును. ఆ అంచు అంత నిటారుగా లేకపోతే, లోపలి గాలీ బయటి గాలీ వారాల తరబడి కలగలిసిపోతే, ఆ నాశనం అక్కడ అలా పోగుపడేది కాదు.

అయితే ఆ గోడ ఎంత గట్టిదన్న విషయం మీద శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. కేంబ్రిడ్జ్‌కు చెందిన మైకేల్ మెకింటైర్ లాంటివాళ్లది ఒక పక్షం: అది మూతపెట్టిన పాత్ర, లోపలిది లోపలే. విమాన కొలతలతో పనిచేసిన ఏడ్రియన్ టక్ లాంటివాళ్లది రెండో పక్షం: గాలి ఒకవైపు నుంచి వస్తూ, క్లోరిన్ పని జరుగుతూ, ఇంకోవైపు నుంచి పోతూ ఉంటుంది, కాబట్టి చెడిపోయే గాలి మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా మీది ఓజోన్ తగ్గడానికి కూడా ఇదే మూలం కావచ్చు. ఇది పండితుల పంతం మాత్రమే అనుకోకండి. రెండోది నిజమైతే ప్రమాదం ధ్రువంతో ఆగదు. చివరికి కుదిరిన రాజీ నాకు సబబుగానే తోస్తుంది. సుమారు 16 కిలోమీటర్ల పైన గోడ గట్టిదే, ముఖ్యంగా దక్షిణాన. అలలు దాని బయటి అంచును చెక్కి సన్నని పోగులుగా లాక్కుపోతాయి కానీ లోపలికి చొరబడటం అరుదు. ఆ ఎత్తు కింద మాత్రం గోడ కారుతూనే ఉంటుంది.

గోడ లోపల అంతా ఒకటే అనుకోవడమూ పొరపాటే. నడిమధ్య గాలి బాగా కలిసిపోయి ఉంటుంది. అంచు వెంబడి ఒక వలయం లాంటి ప్రాంతం మాత్రం నడిమధ్యతో సరిగ్గా కలవదు. ఆ వలయం కాస్త ఉత్తరంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఎండ ముందే తగులుతుంది, కాబట్టి నష్టమూ ముందే మొదలవుతుంది. 65 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉన్న ఫారడే కేంద్రంలో శీతాకాలం మధ్యలోనే ఓజోన్ తగ్గడం 1990ల్లో బయటపడింది. సూర్యుడే రాని నడిమధ్యలో నష్టం ఆలస్యంగా మొదలవుతుంది. ఒకే రంధ్రంలో రెండు పంచాంగాలన్నమాట.

ఈ గోడకు ప్రకృతే ఒక పరీక్ష పెట్టింది. 2022 జనవరి 15న పసిఫిక్‌లో టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం సముద్రం అడుగు నుంచి పేలి సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటో ఆవరణంలోకి ఎగజిమ్మింది. అక్కడ మామూలుగా ఉండే తేమలో అది పదోవంతు. తేమ పెరిగితే ధ్రువ మేఘాలు పెరుగుతాయి, ఓజోన్ నష్టం పెరుగుతుందని అందరికీ గుబులు. ఆ ఆవిరి దక్షిణార్ధగోళమంతా వ్యాపించి ధ్రువం వైపు వచ్చేసరికి ఆ ఏటి సుడి అప్పటికే కట్టుకుని ఉంది. ఉపగ్రహ పటాల్లో చూస్తే కోట చుట్టూ దండు విడిసినట్టు తేమ సుడి చుట్టూ మూగి ఉంది, లోపల మాత్రం పాత పొడి గాలే. ఆ శీతాకాలమంతా అది బయటే ఆగింది. 2023లో సుడి కొత్తగా కట్టుకునేటప్పుడు గానీ లోపలికి రాలేదు. గోడ ఎంత గట్టిదో తేల్చడానికి ఇంతకంటే పెద్ద ప్రయోగం మనిషి చేయలేడు.

ఇక గాలి కలవడం మంచిదా, చెడ్డదా? రెండూ. బయటి గాలితో ఓజోన్ వస్తుంది, నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ నైట్రోజన్ డయాక్సైడ్ క్లోరిన్ మోనాక్సైడ్‌ను పట్టుకుని మళ్లీ క్లోరిన్ నైట్రేట్‌గా కట్టేస్తుంది. గోడ ముందే కూలితే దాడి మధ్యలోనే ఆగుతుంది. 2002 సెప్టెంబరులో దక్షిణ సుడి రెండుగా చీలింది. అంత పెద్ద ఆకస్మిక వేడిమి దక్షిణాన అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. ఆ ఏడు రంధ్రం చిన్నది. 2019 సెప్టెంబరులో 20 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సగటు కంటే 16 డిగ్రీలు ఎక్కువ. గరిష్ఠంగా 1.64 కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరిన రంధ్రం ఆ తర్వాత కోటికి లోపే ఉండిపోయింది. ఆ ఏడాది క్లోరిన్ ఏమీ మాయం కాలేదు. 2018లో ఉన్నంతా ఇంచుమించు 2019లోనూ ఉంది. మనం చప్పట్లు కొట్టింది గాలివాటానికి.

చెడు వైపు చూస్తే, కూలిన గోడ లోపల ఉన్న ఓజోన్ లేని గాలి ఎక్కడికో పోవాలి కదా. 1987 డిసెంబరులో ఆ ఏటి రంధ్రం విచ్చిపోయినప్పుడు దక్షిణ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీద ఓజోన్ అంతవరకు ఎరుగని స్థాయికి పడిపోయింది. అక్కడ అది నడివేసవి, జనం సముద్రతీరాల్లో ఉండే కాలం. ధ్రువంలో రంధ్రం పూడిందని పటం చూపిస్తున్న రోజుల్లో, జనం ఉన్నచోట పొర పలచబడింది.

ఇప్పుడు నష్టం ఎంతో లెక్కగట్టడం ఎంత కష్టమో ఊహించండి. ఉత్తర ధ్రువం మీద ఓజోన్ పోయిన వారం కంటే ఈ వారం తక్కువగా ఉంది. క్లోరిన్ తిన్నదా, ఓజోన్ తక్కువున్న గాలి వచ్చి కలిసిందా? పల్లెలో పాలకేంద్రం నడిపినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుంది. వెన్న తీస్తే పాలు చిక్కబడ్డట్టు చూపిస్తుంది. వెన్న కొంత తీసి, నీళ్లు కొంత కలిపితే లాక్టోమీటరు నిక్షేపంగా ఉన్నాయంటుంది. కాబట్టి వెన్నను వేరే పరీక్షతో విడిగా కొలవాల్సిందే. ధ్రువం మీద ఆ రెండో పరీక్ష నైట్రస్ ఆక్సైడ్. నెలల తరబడి దాన్ని తినేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, కాబట్టి అది మారిందంటే గాలి దిగిందనో, కలిసిందనో. ఆ మార్పుకు తగ్గట్టు ఓజోన్ ఎంత మారాలో లెక్కవేసి, మిగిలిన లోటును క్లోరిన్ ఖాతాలో రాయాలి. ఇందులోనూ మెలిక ఉంది. ఓజోన్, నైట్రస్ ఆక్సైడ్ల మధ్య సంబంధం సరళరేఖ కాదు, వంకర గీత. రెండు రకాల గాలి కలిసినప్పుడు ఆ గీత లోపలికి వంగి, ఎవరూ తినకుండానే తిన్నట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క మెలిక మీద 1990ల చివర, 2000 మొదట్లో ఎన్ని వాదోపవాదాలు జరిగాయో!

దీనికి విరుగుడుగా జర్మనీకి చెందిన మార్కస్ రెక్స్, పీటర్ ఫాన్ డెర్ గాథెన్ బృందం ఆచరించిన పద్ధతి నాకు మహా ఇష్టం. ఒక కేంద్రం నుంచి బెలూన్ ఎగరేసి ఓజోన్ కొలుస్తారు. ఆ గాలి ముద్ద రాబోయే రోజుల్లో ఎటు పోతుందో గాలుల లెక్కలతో అంచనా వేస్తారు. అది ఇంకో కేంద్రం మీదికి వస్తుందనగానే అక్కడివాళ్లకు కబురు పెట్టి, సరిగ్గా అది తలపైకి వచ్చే వేళకు ఇంకో బెలూన్ ఎగరేయిస్తారు. ఒకే గాలిని రెండుసార్లు పట్టుకోవడమన్నమాట. గ్రీన్‌లాండ్‌లో చూసినదాన్ని రష్యాలో పలకరించినట్టు. ఆ రెండు కొలతల తేడాకు గాలి కలవడం దాదాపు కారణం కాదు కాబట్టి, ఆ లోటు ఎండలో గడిపిన గంటలకు లెక్కకు వస్తుంది. కంప్యూటర్ల దగ్గర కూర్చుని తగువులాడుకునే బదులు చలిలో నిలబడి బెలూన్ వదిలి తేల్చిన లెక్క ఇది.

కంప్యూటర్ల సంగతీ ఒక్క మాట. సుడి అంచు నుంచి చీలే గాలి పోగులు కొన్ని కిలోమీటర్ల వెడల్పు దాకా సన్నబడతాయి. వందల కిలోమీటర్ల గడులతో లెక్కవేసే నమూనా ఆ పోగును చుట్టుపక్కల గాలితో అప్పుడే కలిపేస్తుంది. అసలు ఆకాశంలో ఆ కలయిక చాలా రోజుల తర్వాత గానీ జరగదు. ముందే కలిపేస్తే క్లోరిన్ ముందే కట్టుబడిపోతుంది, ఓజోన్ నష్టం లెక్క తప్పుతుంది. 1996లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ సంగతిని ఉత్తర ధ్రువం విషయంలో చూపించారు.

ఇక అసలు పేచీకి వద్దాం. రంధ్రం అంటే 220 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ ఓజోన్ ఉన్న ప్రదేశం. దాని విస్తీర్ణం 2000 సెప్టెంబరులో దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరింది. మన దేశం లాంటివి తొమ్మిది పడతాయి అందులో. 2019లో 1.64 కోట్లు, 2023లో మళ్లీ 2.6 కోట్లు. ఈ మూడు అంకెలు ఇచ్చి గీత గీయమంటే ఏ గీత కావాలంటే ఆ గీత గీయవచ్చు. 2023 చివర్లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు రంధ్రం నడిమధ్యలో వసంతపు ఓజోన్ 2004 నుంచి 26 శాతం తగ్గిందని ప్రకటించారు. ఆ లెక్కలో 2002, 2019 సంవత్సరాలను వదిలేశారని, అవి అసాధారణ సంవత్సరాలన్న సాకు చాలదని వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. నా మట్టుకు ఆ పరిశోధనను తీసిపారేయను. 2020 నుంచి 2023 దాకా వరుసగా పెద్ద రంధ్రాలు ఎందుకు వచ్చాయన్నది అడగాల్సిన ప్రశ్నే. ఆస్ట్రేలియా కార్చిచ్చుల పొగ, హుంగా ఆవిరి, చల్లగా దీర్ఘంగా సాగిన సుడి, ఇంతమంది అనుమానితులున్నారు. అంతమంది ఉన్నచోట ఒప్పందాన్ని బోనులో నిలబెట్టడమే అన్యాయం.

సరైన పద్ధతి ఎలా ఉంటుందో చూపించినవాళ్లూ ఉన్నారు. 2016లో సుసాన్ సాలమన్ బృందం అక్టోబరును పక్కనపెట్టి సెప్టెంబరును తీసుకుంది. అక్టోబరులో గాలుల చెలగాటం ఎక్కువ, సెప్టెంబరులో క్లోరిన్ చేయి స్పష్టంగా కనిపిస్తుంది. 2000 నుంచి సెప్టెంబరు రంధ్రం 40 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా తగ్గిందని, అందులో సగానికి పైగా క్లోరిన్ తగ్గడం వల్లేనని తేలింది. 2018లో నాసాకు చెందిన సుసాన్ స్ట్రాహాన్, ఆన్ డగ్లస్ ఇంకా నేరుగా వెళ్లారు. ఓజోన్ దాదాపు అయిపోయాక క్లోరిన్ మీథేన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారిపోతుంది. అప్పుడు దాన్ని కొలిస్తే మొత్తం క్లోరిన్ ఎంతో తెలిసిపోతుంది. అయితే ఏ ఏడు ఎంత ముసలి గాలి దిగిందన్నదాన్ని బట్టి ఆ క్లోరిన్ కూడా మారుతుంది. అందుకని పక్కనే నైట్రస్ ఆక్సైడ్‌ను పెట్టి ఆ తేడాను సరిచేశారు. క్లోరిన్ ఏటా సుమారు 0.8 శాతం చొప్పున తగ్గుతోందని, 2005తో పోలిస్తే 2016 శీతాకాలంలో ఓజోన్ నష్టం 20 శాతం తక్కువని లెక్క వచ్చింది. ఒప్పందానికి మార్కులు వేయాలంటే ఈ లెక్కను బట్టి వేయాలి. ఏటా 0.8 శాతం అంటే పత్రికల్లో పతాక శీర్షిక రాదు, నిజమే. దక్షిణ ధ్రువం 1980 నాటి స్థితికి చేరేది 2066 ప్రాంతంలో అని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. అంత నిదానమైన రోగి నాడిని ఏడాదికోసారి పట్టుకుని గంతులు వేయడం దేనికి?

జనానికి ఒక తేలికైన అంకె కావాలి, లేకపోతే ఎవరూ పట్టించుకోరు అంటారు మిత్రులు. ఆ అంకెతో వచ్చే చిక్కు వాళ్లకు కనబడటం లేదు. మంచి ఏడాది వస్తే పని అయిపోయిందంటారు, చెడ్డ ఏడాది వస్తే ఒప్పందాలు దండగంటారు. వాతావరణ ఒప్పందాలను ఎద్దేవా చేసేవాళ్లకు ఇంతకంటే మేత ఏం కావాలి? పైగా, ఒప్పందానికి నిజంగా గండి పడినప్పుడు రంధ్రం విస్తీర్ణం ఆ సంగతి చెప్పనే లేదు. నిషేధించిన సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని 2018లో బయటపడింది. దాన్ని పట్టింది హవాయిలోని మౌనా లోవా లాంటి చోట్ల ఏళ్ల తరబడి నేలమీద నుంచి చేసిన కొలతలు. మరుసటి ఏడాది కొరియాలోని గోసన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలు ఆ వాయువులో గణనీయమైన భాగం తూర్పు చైనా నుంచి వస్తోందని తేల్చాయి. ఆ తర్వాత విడుదల తగ్గింది. ఓజోన్ పటాలను మాత్రమే చూస్తూ కూర్చుంటే ఆ దొంగ ఎన్నటికీ దొరికేవాడు కాదు.

నాకు ఆందోళన కలిగించేది రంధ్రం విస్తీర్ణం కంటే ఆ కొలతల భవితవ్యం. క్లోరిన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, నైట్రస్ ఆక్సైడ్ అన్నింటినీ ఒకేసారి, ఎత్తు ఎత్తుకూ, ప్రపంచమంతటా రోజూ కొలుస్తూ వచ్చిన పరికరం నాసా వారి ఆరా ఉపగ్రహం మీద ఉంది. దాన్ని 2004 జులైలో ప్రయోగించారు. రెండు దశాబ్దాలు దాటాయి, దాని విద్యుత్తు తగ్గిపోతోంది. హుంగా ఆవిరి సుడి బయటే ఆగిందని చూపించింది అదే, స్ట్రాహాన్ లెక్కకు ఆధారం అదే. కెనడా వారి సై-శాట్ ఉపగ్రహం 2003 నాటిది, అది ఇంకా పాతది. ఇలాంటి కొలతలు చేయగల కెయిర్ట్ అనే ప్రతిపాదన యూరప్ అంతరిక్ష సంస్థ పోటీలో ఆఖరి రెండింటిలో ఒకటిగా నిలిచింది. 2025లో మొగ్గు రెండోదైన వివర్న్ వైపు వెళ్లింది, అది గాలులనూ మేఘాలనూ కొలిచేది. ఓజోన్‌ను కొలిచే ఉపగ్రహాలకు మాత్రం కొదవ లేదు. అంటే రాబోయే ఏళ్లలో రంధ్రం ఎంత పెద్దదో ప్రతి ఉదయం తెలుస్తూనే ఉంటుంది, అది అలా ఎందుకుందో విడమరిచే కొలతలే మన చేతిలో ఉండకపోవచ్చు.